పోగేసిన పెన్నులతో వ్యాపారం మొదలుపెట్టనా?

ఈసారి వచ్చిన ఉత్తరం ఫౌంటెన్ పెన్నుతో రాసిన ఆరు పేజీలు. పేరు, ఊరు బయటపెట్టవద్దని కోరారు కాబట్టి సారాంశం మాత్రం ఇస్తున్నాను.

రాసినావిడకు 41 ఏళ్ళు. ఒక ఆఫీసులో అకౌంట్స్ చూస్తారు. పదహారేళ్ళుగా పాత ఫౌంటెన్ పెన్నులు సేకరిస్తున్నారు. వాళ్ళ నాన్నగారు వాడిన పార్కర్ 51తో మొదలైన ఇష్టం ఇప్పుడు 230 పెన్నుల దాకా వచ్చింది. లోపల ఇంకు నిలిచే రబ్బరు తిత్తి ఎండిపోతే తీసి కొత్తది వేయడం, వంగిన పాళీ సరిచేయడం కూడా నేర్చుకున్నారు. పోయిన ఏడాది, తన దగ్గర రెండేసి ఉన్నవాటిలోంచి 19 పెన్నులు ఆన్‌లైన్‌లో అమ్మారు. క్యాప్‌లో సన్నని పగులు ఉందంటూ ఒకటి తిరిగొచ్చింది. వేరే ఒక పెన్ను, పెన్నులు సేకరించే ఒక స్నేహితుడు తక్కువ ధరకు ఇచ్చింది. దాన్ని రెట్టింపు ధరకు అమ్మకానికి పెట్టడం చూసి ఆయన "మీ దగ్గర ఉంటుందని ఇచ్చాను" అని ఒక్క మాట అన్నారు. అప్పటినుంచి మాట్లాడటం లేదు.

అసలు చిక్కు ఇప్పుడు వచ్చింది. ఆవిడకు ఈ రిపేరు పని నేర్పిన పెద్దాయన ఈమధ్య చనిపోయారు. ఆయన భార్య, కొడుకు ఈవిడను పిలిచి, 350 పెన్నులున్న పెట్టెలు చూపించి, "మాకు వీటి సంగతి తెలియదమ్మా, ఎంతో కొంత నువ్వే చెప్పి తీసుకెళ్ళు" అన్నారు. ఈవిడ భర్త హుషారుగా ఉన్నారు. అమ్మాయి చదువు కోసం వేసిన డిపాజిట్ తీసి మొత్తం కొనేద్దామని, రెండేళ్ళలో ఉద్యోగం మానేసి దీన్నే వ్యాపారంగా చేసుకోవచ్చని అంటున్నారు. ఈవిడకు ఆశగానే ఉంది, భయంగానూ ఉంది. ఉత్తరం చివర ఇలా రాశారు: "అమ్మడం మొదలుపెట్టాక, పెన్ను చేతిలోకి తీసుకుంటే ముందు ధర గుర్తొస్తోంది. ఇదివరకు అలా ఉండేది కాదు. నాన్న పెన్ను ఇమ్మని ఒకాయన మూడుసార్లు అడిగారు, మంచి ధర ఇస్తానంటున్నారు. ఇవ్వనని చెప్పలేక నాన్చుతున్నాను. పెద్దాయన పెన్నులు కొననా? వ్యాపారం పెట్టనా?"

*

మీ ఉత్తరంలో కొనడం, అమ్మడం, స్నేహం, నాన్నగారి పెన్ను అన్నీ కలిసి ఒకే ముడి పడ్డాయి. ఒక్కొక్కటీ విడదీసి చూద్దాం. మీరు లెక్కలు చూసే మనిషి కాబట్టి లెక్కతోనే మొదలుపెడతాను.

ఏడాదిలో 19 పెన్నులు అమ్మారు. అదే వేగంతో 350 పెన్నులు అమ్మాలంటే పద్దెనిమిదేళ్ళు దాటుతుంది. ఇంకాస్త గట్టిగా కూర్చుని నెలకు ఐదు అమ్మారనుకున్నా, ఆరేళ్ళకు కాస్త తక్కువ. అన్నేళ్ళూ మీ అమ్మాయి చదువు డబ్బు పెట్టెల్లోనే ఉంటుంది. ఫీజు కట్టాల్సిన తారీకు మాత్రం పెన్ను అమ్ముడయ్యేదాకా ఆగదు. తారీకు తరుముకొస్తే మంచి పెన్నుల్నే ముందు చౌకగా వదిలేసుకుంటారు. సేకరణల్ని సరుకుగా మార్చినవాళ్ళు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. ధర తెలియక కాదు, ఆగే ఓపిక చేతిలో లేక. అందుకే మిగతా విషయాల్లో మీకు రెండు మూడు దారులు చూపిస్తాను కానీ, ఆ డిపాజిట్ సంగతిలో మాత్రం నా అభిప్రాయం సూటిగా చెబుతున్నాను. దాన్ని ముట్టుకోవద్దు.

రెండో లెక్క మీ సమయానిది. 19 పెన్నుల మీద "కొన్నదానికి దాదాపు రెట్టింపు వచ్చింది" అని రాశారు. ఒక్క పెన్ను తీసుకుని చూడండి. పక్కన మీట ఉన్న పాత లీవర్ పెన్ను అనుకుందాం. ముందు దాని మెడ దగ్గర వేడి గాలి తగిలించి అక్కడ అతికించిన లక్క మెత్తబడేదాకా ఆగాలి. తొందరపడితే సెల్యులాయిడ్ (పాత పెన్నుల ఒంటికి వాడిన తొలినాటి ప్లాస్టిక్) వంగిపోతుంది, ఒక్కోసారి అంటుకుంటుంది కూడా. మెల్లగా తిప్పుతూ ఊడదీస్తే లోపల తిత్తి పెళుసుబారి పెంకుల్లా రాలుతుంది. ఆ ముక్కలన్నీ గీకి తీయాలి. లోపలి ఉక్కు పట్టీ తుప్పు పట్టిందేమో చూడాలి. కొత్త తిత్తిని కొలతకు కత్తిరించి, లక్కతో అతికించి, రాత్రంతా ఆరనివ్వాలి. తెల్లారి ఇంకు పోసి, రాసి చూసి, పాళీ గీరుకుంటుంటే సరిచేసి, కడిగి ఆరబెట్టాలి. ఆపైన ఫోటోలు, వివరాలు, "ఇంకాస్త తగ్గిస్తారా" అనే మెసేజ్‌లకు జవాబులు, ప్యాకింగ్, పార్సిల్ పంపడం. ఆరే సమయం తీసేసినా రెండు మూడు గంటలు ఎటూ పోవు. వందకు కొన్న పెన్ను రెండు వందలకు అమ్మితే ఆ మిగిలిన వందలోంచి సైట్ కమిషన్, పార్సిల్ ఖర్చు, విడిభాగాలు, తిరిగొచ్చిన పెన్ను నష్టం పోవాలి. అప్పుడు మిగిలినదాన్ని గంటలతో భాగించండి. మీ జీతం గంటకు ఎంత పడుతుందో పక్కన రాయండి. ఉద్యోగం మానే సంగతి మీవారితో ఆ రెండు అంకెలు ముందు పెట్టుకుని మాట్లాడండి. ఆయన హుషారు తప్పేం కాదు, మీ ఇష్టాన్ని గౌరవించే మనిషి దొరకడం మంచి విషయం. కానీ ఆయన చూసింది అమ్మిన ధరను. రాత్రి పదకొండింటికి దీపం కింద గీకుతున్న ముక్కల్ని లెక్కలో వేయలేదు.

అయినా వ్యాపారం వద్దని అనను. మీ చేతిలో పని ఉంది, అది చాలామంది దగ్గర లేదు. పాత పెన్ను ఉన్నది ఉన్నట్టు అమ్మితే వచ్చే ధరకు, తిత్తి మార్చి చక్కగా రాసేలా చేసి అమ్మితే వచ్చే ధరకు తేడా మీ కష్టానిదే. కాబట్టి రిపేరు ఒక్కటే విడిగా చేసి కూలి తీసుకోవడం కూడా ఒక దారి. సరుకు కొననక్కర్లేదు, పెట్టుబడి ఇరుక్కోదు, ఇష్టమైన పెన్ను వదులుకునే బాధ లేదు. మీ ఉత్తరం చదువుతుంటే, తిత్తి మార్చడం గురించి రాసిన పేరాలో ఉన్న సంతోషం అమ్మకాల పేరాలో కనిపించలేదు. దీన్ని కొట్టిపారేయకండి.

ఇప్పుడు పెద్దాయన పెట్టెలు. "ఎంతో కొంత" అనే మాటలో మీ ఇద్దరికీ ఇబ్బంది ఉంది. వాళ్ళకు తెలియదు, మీకు తెలుసు. మొహమాటానికి పోయి మీరు ఎక్కువ చెబితే తలకు మించిన భారం అవుతుంది. తక్కువ చెప్పి తీసుకున్నాక, అందులో ఒక పెన్ను మీరు మంచి ధరకు అమ్మినట్టు రేపు వాళ్ళబ్బాయికి తెలిస్తే ఏమవుతుంది? స్నేహితుడి విషయంలో ఒకసారి చూశారు కదా. ఇది ఇంకా పెద్దది. మీకు విద్య నేర్పిన మనిషి ఇల్లు అది.

టోకుగా కొనే వ్యాపారులు అమ్మకపు ధరలో సగం కూడా ఇవ్వకపోవడం మామూలే. అందులో అన్యాయం ఉండాలని లేదు. అమ్ముడుపోనివి, పాడైనవి, ఏళ్ళ తరబడి ఆగాల్సినవి అన్నీ వాళ్ళే మోయాలి మరి. మీరూ అలా కొనొచ్చు. కానీ అప్పుడు "నేను వ్యాపారిగా అడుగుతున్నాను, నా లెక్క ఇది, ఇంకొకరికి కూడా చూపించి ధర కనుక్కోండి" అని వాళ్ళ ముఖం మీదే చెప్పగలగాలి. అది నోట్లోంచి రాకపోతే మొత్తం కొనే దారి మీది కాదు.

ఇంకో దారి, కొనకుండా అమ్మిపెట్టడం. పెన్నులు వాళ్ళవే. మీరు బాగుచేసి, అమ్మి, ముందే అనుకున్న వాటా తీసుకుని మిగతాది వాళ్ళకు ఇస్తారు. మీ డబ్బు ఒక్క పైసా ఇరుక్కోదు, ఎక్కువ ధర వస్తే ఇద్దరికీ మేలే, కాబట్టి దాచాల్సింది ఏమీ ఉండదు. దీనికీ కష్టాలున్నాయి. పెన్ను మీ చేతిలో పగిలినా, పార్సిల్‌లో పోయినా బాధ్యత ఎవరిదో ముందే కాగితం మీద రాసుకోవాలి. వాటా ఎంత, విడిభాగాల ఖర్చు ఎవరిది, ఎంతకు తక్కువైతే అమ్మకూడదు, ఎన్నాళ్ళు, నెలకోసారి లెక్క ఎలా ఇస్తారు, ఇవన్నీ రాయండి. దగ్గరివాళ్ళు కదా, కాగితాలెందుకు అనుకోవద్దు. దగ్గరివాళ్ళు కాబట్టే కావాలి. ఇంకొకటి, వాళ్ళకు డబ్బు తొందరగా అవసరమైతే ఈ పద్ధతి నచ్చదు. ముందు ఆ మాట అడగండి.

మూడోది, పెన్నులు వెల కట్టి జాబితా రాసిచ్చి, ఆ పనికి రుసుము తీసుకుని పక్కకు తప్పుకోవడం. తర్వాత వాళ్ళ ఇష్టం. మీకు కావలసిన పది పెన్నులు ఆ జాబితాలోని ధరకే కొనుక్కోవచ్చు, కాకపోతే వాటికి ఇంకొకరి చేత కూడా వెల కట్టించండి. నాకైతే అమ్మిపెట్టడమే మీకు నప్పుతుందనిపిస్తోంది. అది కూడా మొత్తం 350 కాదు, ఓ ముప్పై నలభై పెన్నులతో ఆరునెలలు. ఆ ఆరునెలల్లో మీ వ్యాపారం ఎలా ఉంటుందో మీకూ తెలుస్తుంది.

ఏ దారి పట్టినా ఆ పెట్టెల్ని మాత్రం త్వరగా తెరిచి చూడండి. పాత సెల్యులాయిడ్ సెల్యులోజ్ నైట్రేట్‌తో చేసింది. కొన్ని లోపలినుంచి చితికిపోతూ పైన సన్నని బీటలు వేస్తాయి. అలా పాడవుతున్నప్పుడు వచ్చే ఆవిరి పక్కనున్న పెన్నుల లోహాన్ని కూడా తినేస్తుంది. గాలి ఆడని పెట్టెలో ఒక్కటి అలా ఉన్నా చుట్టుపక్కలవాటికి ముప్పే. క్లిప్పులు ఆకుపచ్చగా మారి, ఘాటు వాసన వస్తుంటే ఆ పెన్నును ఆ రోజే వేరు చేయండి. వేడికి, మంటకు దూరంగా, గాలి తగిలేలా ఉంచండి.

ఒక సేకరణలో విలువంతా సాధారణంగా కొద్ది పెన్నుల్లోనే ఉంటుంది. 1920లు, 30ల నాటి పెద్ద పార్కర్ డ్యుఫోల్డ్‌లు, బ్రిటన్ కంపెనీ డన్‌హిల్ పేరుతో జపాన్ కంపెనీ నమీకి చేసిన లక్క చిత్రాల పెన్నుల్లాంటివి కనిపిస్తే మీరు సొంతంగా అమ్మే ప్రయత్నం చేయకండి. వేలం సంస్థలు అమ్మేవారి దగ్గరా, కొనేవారి దగ్గరా కమిషన్ తీసుకుంటాయి నిజమే, అయినా అలాంటి పెన్నుకు సరైన కొనుగోలుదారులు చేరేది అక్కడే. మామూలువాటి వెల కట్టేటప్పుడు అమ్మకానికి పెట్టిన ధరలు చూడొద్దు. అడగడానికేముంది, ఎంతైనా అడుగుతారు. నిజంగా అమ్ముడైన ధరలు చూడండి, అవీ ఇటీవలివి, అదే స్థితిలో ఉన్నవి.

స్థితి అన్నాను కాబట్టి, తిరిగొచ్చిన పెన్ను గురించి. ఆ పగులు మీకు కనపడలేదని రాశారు, నమ్ముతున్నాను. క్యాప్ అంచు పగుళ్ళు మామూలుగా చూస్తే కనపడవు. దీపానికి అడ్డంగా పెట్టి, భూతద్దంతో అంచంతా మెల్లగా తిప్పుతూ చూస్తే వెంట్రుకంత గీత తళుక్కుమంటుంది. ఇకనుంచి ప్రతి పెన్నుకూ అది చేయండి, ఆ గీతను ఫోటో తీసి అందరికీ కనపడేలా పెట్టండి. నేనొకసారి నల్లటి ఎబొనైట్ (గట్టి రబ్బరు) పెన్ను ఇంకు వదులుతుందని రాత్రంతా నీళ్ళలో నానబెట్టాను. పొద్దున్నకి నల్లరంగు పోయి పాచి పట్టినట్టు గోధుమరంగులోకి తిరిగింది. ఎబొనైట్‌కు ఎండా పడదు, నీళ్ళలో నానడమూ పడదు. అలాంటివాటికి మళ్ళీ నల్లరంగు వేసి అమ్మేవాళ్ళున్నారు. వేయడం తప్పు కాదు, వేశామని చెప్పకపోవడం తప్పు. రెండు పెన్నుల భాగాలు కలిపి ఒకటి చేసినా అంతే. పార్కర్ 51కి వేరే ఏడాదిలో తయారైన 51 క్యాప్ పెడితే అది బాగానే రాస్తుంది, కానీ కొనేవారికి ఆ సంగతి తెలియాలి. చెప్పి అమ్మితే ధర కొంత తగ్గుతుంది. చెప్పకుండా అమ్మితే, నలుగురూ ఒకరికొకరు తెలిసిన ఈ చిన్న లోకంలో మీ మాటకు విలువ పోతుంది. పంపేముందు ఇంకు పూర్తిగా కడిగేసి, మెత్తగా చుట్టి, గట్టి పైపు ముక్కలో పెట్టి పంపండి. కొందరు సేకర్తలు ప్లంబింగ్ పైపు ముక్కలు దీనికోసమే దాచుకుంటారు.

స్నేహితుడి సంగతి. చట్టం ప్రకారం ఆ పెన్ను మీదే, ఎంతకైనా అమ్ముకోవచ్చు. కానీ ఆయన ధర తగ్గించింది పెన్నును చూసి కాదు, మిమ్మల్ని చూసి. ఆ తగ్గింపును మీరు లాభంగా మార్చుకున్నారని ఆయనకు అనిపించింది. అది ఇంకా అమ్ముడుపోకపోతే ఫోన్ చేసి, "మీకు ముందు చెప్పాల్సింది, చెప్పలేదు. మీకు కావాలంటే మీరిచ్చిన ధరకే తీసుకోండి" అనండి. అమ్ముడైపోయి ఉంటే ఆ మొదటి రెండు మాటలే చాలు. ఆయన కరుగుతారో లేదో చెప్పలేను. ఇకముందు మాత్రం స్నేహం ధరకు ఎవరైనా ఇస్తుంటే అప్పుడే చెప్పండి: "నేనిప్పుడు అమ్ముతున్నాను కూడా. దీన్ని ఎప్పుడైనా వదిలేయాల్సి వస్తే ముందు మిమ్మల్నే అడుగుతాను." ఆ మాట విన్నాక కొందరు ధర పెంచుతారు. పెంచనివ్వండి. అది సరైన ధరే.

లెక్కల పుస్తకం గురించి మీకు చెప్పేదేముంది, ఆఫీసులో చేసేదే ఇంట్లో చేయండి. ఏ పెన్ను, ఎవరి దగ్గర, ఎప్పుడు, ఎంతకు కొన్నారు, ఎన్ని గంటలు పట్టింది, ఎంతకు పోయింది. దీనికి విడిగా ఒక బ్యాంకు ఖాతా ఉంచండి. ఇంట్లో ఉన్న సొంత వస్తువు ఎప్పుడో ఒకటి అమ్ముకోవడాన్ని, లాభం కోసం తరచూ కొని అమ్మడాన్ని పన్ను చట్టాలు సాధారణంగా ఒకేలా చూడవు. మీరు రెండోవైపు అడుగు వేస్తున్నారు. మీరుండే చోటి నియమాలు తెలిసిన పన్ను సలహాదారుతో మొదట్లోనే ఒక గంట మాట్లాడండి.

ఇక పెన్ను పట్టుకోగానే ధర గుర్తొస్తోందన్న మాట. ఉత్తరంలో నన్ను ఎక్కువసేపు ఆపింది అదే. అల్మారాలో మీ పెన్నులు, అమ్మాల్సిన పెన్నులు కలిసే ఉన్నాయి కదా. అందుకే ఏ పెన్ను తీసినా "ఇది అమ్మేదా, ఉంచేదా" అన్న ప్రశ్న వస్తోంది. ఒక ఆదివారం కూర్చుని వాటిని విడదీయండి. ఎన్నటికీ అమ్మనివి ఒక అరలో పెట్టండి. పాతికో, యాభయ్యో, వందో మీ ఇష్టం. ఆ అరలోవాటి ధర ఇక వెతకొద్దు. సరుకు వేరే గదిలో, వేరే పెట్టెలో ఉండాలి. కొనేటప్పుడు కూడా ఇది ఏ పెట్టెలోకి వెళ్తుందో డబ్బు ఇవ్వకముందే తేల్చుకోండి. సేకర్తగా మీకు నచ్చిన పెన్ను వేరు, పదిమంది అడిగే పెన్ను వేరు. మనసుకు నచ్చి కొని, సరుకు పెట్టెలో వేసుకుంటే అది అమ్ముడుపోదు, అమ్ముడుపోతే మీరు బాధపడతారు. రెండూ నష్టమే. ఇలా విడదీశాక కూడా ఆరునెలలకు పాత సంతోషం తిరిగి రాకపోతే అమ్మకాలు ఆపేయండి. రిపేరు పని ఎలాగూ ఉంటుంది.

నాన్నగారి పెన్ను ఆ అరలో మొదటిది. పార్కర్ 51 1941లో మార్కెట్‌లోకి వచ్చి 1972 దాకా తయారైంది. లెక్కలేనన్ని అమ్ముడయ్యాయి. 1948 నుంచి వచ్చిన, తిత్తిని నొక్కి ఇంకు నింపే ఏరోమెట్రిక్ మోడల్‌లో తిత్తి మామూలు రబ్బరుది కాదు కాబట్టి వాటిలో చాలా పెన్నులు ఈనాటికీ అలాగే రాస్తున్నాయి. ఆ అడిగే ఆయనకు 51 కావాలంటే ఎక్కడైనా దొరుకుతుంది. మీకు మాత్రం ఈ ఒక్కటే. ఆయనకు కారణాలు చెప్పనక్కర్లేదు. "అది అమ్మకానికి లేదండీ, వేరే 51 దొరికితే చెబుతాను" అని ఒక్క మెసేజ్ పంపండి. మీరు నాన్చినన్నాళ్ళూ ఆయన అడుగుతూనే ఉంటారు.

పెద్దాయన ఇంటికి వెళ్ళినప్పుడు వాళ్ళబ్బాయిని పక్కన కూర్చోబెట్టుకుని పెట్టెలు తెరవండి. మీరు చూసి చెబుతుంటే అతన్నే జాబితా రాయమనండి. అతనికీ ఏముందో తెలుస్తుంది, రేపు ఎవరికీ అనుమానం రాదు. ఆవిడను కూడా పిలవండి. ఏ పెన్ను ఎక్కడ దొరికిందో, దేనికోసం ఎంత తిరిగారో ఆయన ఇంట్లో చెప్పే ఉంటారు. అవన్నీ పెన్ను పక్కనే రాయించండి, కొనేవాళ్ళకూ అది కావాలి. ఆయన రోజూ రాసుకున్న పెన్ను ఏదో ఆవిడకు తెలుస్తుంది. దాన్ని జాబితాలో వేయకుండా తీసి, కడిగి, తిత్తి మార్చి, ఇంకు పోసి ఆవిడ చేతికివ్వండి.